ఇప్పుడే తాగితివి కదత్తా

మతిమరుపు ముదిరాక మా అత్త కూర్చున్నచోటే ఉచ్చ పోసుకునేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. పుంగనూరు దగ్గర పల్లెలో ఆవుల్ని మేపుకుంటూ బతికిన మనిషిని మదనపల్లెలో మా బాడుగింటికి తెచ్చుకున్నాం. పాత చీరలు చించి మడతలు పెట్టి కట్టేదాన్ని. అయినా తెల్లారేసరికి చీర, దుప్పటి, బొంత అన్నీ తడే. కొళాయి చూస్తే మూడు రోజులకోసారి. ఉతికి ఉతికి నా చేతులు పాసిపోయాయి. "నా ఖర్మ" అని ఆమెకు వినబడేట్టే అనేదాన్ని.

అప్పుడే పాడుబుద్ధి పుట్టింది. నీళ్లు తాగితేనే కదా ఈ పీడ! తగ్గించేశాను.

"రవ్వంత నీళ్లియ్యమ్మా" అనేది.

"ఇప్పుడే తాగితివి కదత్తా!"

"అవునా? తాగితినా? నా మతి మండిపోనూ" అని తనను తానే తిట్టుకునేది. నా మాటంటే అంత నమ్మకం. తడి తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

మా పల్లెల్లో గడపకు ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లివ్వాలి, ఆ తర్వాతే ఊరూ పేరూ అడగాలి. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు నీళ్లివ్వకుండా ఒకాయన్ని ఏ ఊరని అడిగానని అత్త నన్ను చెడామడా తిట్టింది.

కుప్పంలో ఆడబిడ్డ కూతురి పెళ్లొచ్చింది. దారిలో తడుపుతుందని, పొద్దున కాఫీ కూడా ఇవ్వకుండా అత్తను బస్సెక్కించాను. నాలుగుసార్లు నీళ్లడిగింది. నాలుగుసార్లూ అదే అబద్ధం చెప్పాను. పలమనేరులో బస్సాగితే నేను మాత్రం దిగి సోడా తాగొచ్చాను.

పెళ్లింట్లో అత్త చేతికి ఆడబిడ్డ నీళ్లచెంబిచ్చింది. పెదాలు ఎండి పొట్టు లేస్తున్నా ఆమె తాగలేదు. నావైపు తిరిగింది. నేనెవరో ఆ క్షణాన ఆమెకు గుర్తు లేదు.

"ఎండన పడి యాడనుంచి వస్తివో ఏమో తల్లీ, ముందు నీళ్లు తాగు. ఊరూ పేరూ మళ్ల చెప్పుదువు."

నాకు ఏడుపాగలేదు. ఆ చెంబు ఆమె నోటికి నేనే పెట్టాను. మూడు చెంబులు తాగింది. పందిట్లోనే తడిపేసింది. అందరూ చూస్తుండగా తుడిచాను.

ఆ తర్వాత ఆమె బతికిన ఏడాదీ అడక్కముందే నీళ్లిచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ చెంబు నోటిదాకా తెచ్చుకుని ఆగేది. భయంగా నా మొహంలోకి చూసి అడిగేది:

"ఇప్పుడే తాగితినేమో కదమ్మా?"