పంతొమ్మిది మందికి ఒకే మచ్చ

2006వ సంవత్సరం. ఖమ్మంలో ఒక మాజీ సైనికుల సంఘంలో అప్పీళ్లు రాసే గుమస్తాను నేను. వైకల్య పింఛను నిరాకరించిన వాళ్ల తరఫున ఢిల్లీకి కాగితాలు పంపడం నా పని. నేను చెప్పే కథల్లో ముప్పాతిక వంతు ఉప్పూకారమేనని మా ఇంటావిడ అందరికీ చెబుతుంది. ఒకసారి నా అప్పీలు చదివిన అధికారి కళ్లు తుడుచుకోవడానికి రెండు రోజులు సెలవు పెట్టాడని నేనే ప్రచారం చేసుకున్నాను. యోహాను కేసులో మాత్రం అంత అవసరం పడలేదు.

యోహానుది చండ్రుగొండ దగ్గర పల్లె. హవల్దారుగా మంచు కొండల మీద, ఎడారిలో ఏళ్ల తరబడి ఎండలో కాపలా కాసిన మనిషి. సర్వీసులో ఉండగానే ఎడమ చెవి మీద నల్లటి పుండు లేచింది. మెలనోమా అన్నారు. అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. మిలిటరీ ఆసుపత్రిలో చెవి పైభాగమంతా కోసేసి, ఇక పనికి రావని ఇంటికి పంపారు. భార్య మరియమ్మతో మా ఆఫీసుకు వచ్చినప్పుడు అతను ఆ చెవికి తువ్వాలు కప్పుకోలేదు. నేను అటు చూసి చూపు తిప్పుకుంటే, కుర్చీ జరిపి అదే చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

ఇలాంటి కేసులన్నీ ఒక్క మాట మీద నడుస్తాయి: ఆట్రిబ్యూటబుల్. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకోవడం అన్నమాట. మెడికల్ బోర్డు ఒప్పుకోలేదు. మొదటి అప్పీలూ కొట్టేశారు. సైన్యంలో చేరేనాటికే ఎడమ చెవి మీద పుట్టుమచ్చ ఉందట, జబ్బు దానిలోంచే పుట్టిందట, కాబట్టి సర్వీసుకు సంబంధం లేదట. చేరిన రోజు నింపిన ఎన్‌రోల్‌మెంట్ ఫారం తీసి చూశాను. ఐడెంటిఫికేషన్ మార్క్స్ గడిలో ఆ మచ్చ నిజంగానే ఉంది.

"నాకు మచ్చేంది తమ్మీ? రోగం ఇంటికాడికెళ్లి మూటగట్టుకొని పోయిన్నట. గట్ల రాసిండ్రు" అన్నాడు యోహాను.

మరియమ్మ అందుకుంది. "పెండ్లయిన కాన్నుంచి ఆ చెవు పట్టుకొనే నిద్రలేపుతున్న ఈయన్ని. మచ్చుంటే నాకు అగపడకపోవునా? నా కండ్లేమన్న సంతల అమ్ముకున్ననా?"

మా కార్యదర్శి రిటైర్డ్ సుబేదారు. ఫైలు మూసేశాడు. "చెవేమో కోసిండ్రు. కాగితమేమో గట్టిగున్నది. ఏం చూపించి కొట్లాడతవ్ యోహానూ? సాయం కోసం వేరే దరఖాస్తు పెట్టుకో. జాలిపడి ఏదో ఒకటి ఇస్తరు."

"జాలి నాకొద్దు సార్. ఆ మచ్చ నాది కాదని రాయమనుండ్రి. గంతే."

ఆ "గంతే" విన్నాక ఫైలు మళ్లీ నా వైపు లాక్కున్నాను. అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. "అన్నా, చేరినప్పుడు నీ చెవి చూసి రాసిందెవరు?"

"ఎవ్వలు చూడలే. లైన్ల నిలబెట్టిండ్రు. టెన్త్ సర్టిఫికెట్ చూసి దించుకున్నరు."

"సర్టిఫికెట్‌లో మచ్చ ఉన్నట్టు నువ్వు చూసుకోలేదా?"

"పాసైన్నా లేదా, అదొక్కటే చూసిన."

మర్నాడు ఇద్దరం జూలూరుపాడు వైపు బస్సెక్కి, అతను పదో తరగతి చదివిన బడికి వెళ్లాం. ఆ బస్సు కుదుపులకు నా ఫైల్లో కాగితాలు వాటంతటవే తేదీల వరుసలోకి సర్దుకున్నాయి. హెడ్మాస్టరు కుర్రవాడు, మంచివాడు. బీరువాలోంచి చెదలు దులిపి పాత రిజిస్టరు తీశాడు. ఆ ఏడాది పదో తరగతి రాసినవాళ్లు పంతొమ్మిది మంది. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. మొదటివాడికి ఎడమ చెవి మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి మీద గాటు. రెండోవాడికీ అవే. మూడో పేరు అమ్మాయిది, ఆమెకూ అవే. పంతొమ్మిదో వరుస దాకా అదే చెవి, అదే మోకాలు.

యోహాను నా భుజం మీంచి వంగి చూశాడు. "మా క్లాసంతా ఒక్క తల్లి పిల్లలమైనం కదా తమ్మీ!" అని బడి ఆవరణంతా వినపడేలా నవ్వాడు.

ఆ రాత అప్పట్లో వాళ్ల క్లాసు టీచరైన వెంకటరామయ్య సారుది. రిటైరై పెనుబల్లిలో ఉంటున్నాడు. వెతుక్కుంటూ వెళ్లాం. శిష్యుడి చెవి చూడగానే పెద్దాయన పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చాడు. సంగతంతా చెప్పి, రిజిస్టరు జిరాక్సు ముందు పెట్టాను.

"ఏం చెయ్యమంటావయ్యా, పరీక్ష ఫారాలు ఆ సాయంత్రం బస్సుకే పంపాలి" అన్నాడు. "ఆడపిల్లలున్నారు. ఒళ్లు చూపించమని ఎట్లా అడుగుతాం? అందరికీ ఒకటే రాసేశాను."

"ఒకటైనా ఎవరిదో చూసే రాసుంటారు కదా సార్?"

ఆయన తల పక్కకు తిప్పాడు. ఎడమ చెవి మీద మిరియపు గింజంత నల్లటి మచ్చ. పంచె పైకి లాగి మోకాలు కూడా చూపించాడు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. యోహాను మాత్రం నవ్వలేదు. "సార్, మీ మచ్చకు నా పింఛను పోయింది. ఇదే మాట కాగితం మీద రాసిస్తరా?"

లోపలి నుంచి ఆయన కొడుకు కేకేశాడు. "నాన్నా, తప్పుడు రాతలు రాశానని నువ్వే సంతకం పెడతావా? రేపు నీ మీదికే వస్తుంది!"

"రానీరా. నేను రాసింది చూసుకుని సర్కారు వీడిని అబద్ధాలకోరును చేసింది. వచ్చేది నా మీదికి రావడమే న్యాయం" అని పెద్దాయన చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజే సత్తుపల్లిలో నోటరీ ముందు అఫిడవిట్ మీద సంతకం చేశాడు.

నాకు అంతటితో తృప్తి కలగలేదు. ఆ క్లాసువాళ్లలో దొరికిన ఏడుగుర్ని ఫోటో స్టూడియోకు పిలిపించాను. ఒక కండక్టరు, ఒక ఫారెస్టు గార్డు, ఒక పాస్టరమ్మ, మిగతా వాళ్లు రైతులు. అందరినీ పక్కకు తిప్పి ఎడమ చెవులు కనపడేలా వరుసగా నిలబెట్టించాను. ఒక్క చెవి మీదా మచ్చ లేదు. కార్యదర్శి ఆ ఫోటో చూసి, "ఇది అప్పీలా, ఎడ్ల సంతా?" అన్నాడు. అన్నాడే గానీ, సెకండ్ అప్పీలు మీద సంతకం పెట్టాడు. రిజిస్టరు నకలు, అఫిడవిట్, ఏడు చెవుల ఫోటో జతచేసి పంపాం. కింద ఒక్క వాక్యం నేనే చేర్చాను: ఈ మచ్చ వల్ల క్యాన్సర్ వచ్చేదే అయితే ముందుగా వెంకటరామయ్య సారుకు రావాలి.

పది నెలల తర్వాత జవాబు వచ్చింది. చేరేనాటికే మచ్చ ఉందన్న వాదన నిలవదు, జబ్బును సర్వీసు వల్ల వచ్చినదిగానే పరిగణిస్తున్నాం అని రాశారు. నేను చదివి వినిపించాను. యోహాను మళ్లీ చదవమన్నాడు. మూడోసారి మరియమ్మ చదవమంది. పింఛను ఎప్పటి నుంచి అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. నేనే గుర్తుచేశాను.

స్టాంపు పడ్డ కాగితం ఎదురుగా పెడితే మనవాళ్లు తమ ఒంటినే అనుమానిస్తారు. ఉందేమో, మనమే చూసుకోలేదేమో అనుకుంటారు. నిజం చెప్పాలంటే మొదటిరోజు నేనూ అలాగే అనుకున్నాను. యోహాను అనుకోలేదు. సగం చెవితో కూర్చుని, ఆ చెవి మీద లేనిదాన్ని లేదనే అన్నాడు. ఆ కేసు తర్వాత ఎవరి ఫైలు తెరిచినా ఏం రాశారన్నది నా రెండో ప్రశ్న అయింది. ఎవరు చూసి రాశారన్నది మొదటిది. ఈ ప్రశ్న అడగగానే మూసిన ఫైలు మళ్లీ తెరిచిన ఆఫీసర్లను చాలామందిని చూశాను. ఈ మాటలో ఉప్పూకారం లేదు.