మిరప కల్లంలో బడి

మా పంతులమ్మ సువార్తమ్మ ఎవరికీ జడిసే మనిషి కాదు. 1958లో, పిల్లలు మిరపకోతకు రాకుండా బడికి పోతున్నారని మా ఊరి మోతుబరి చలమయ్యకు ఒళ్లు మండింది. బడి మూయకపోతే పాకకు నిప్పు పెడతానని కబురంపాడు. అన్నంత పనీ చేశాడు. పంతులమ్మ మమ్మల్నందరినీ బయటికి తోలి, పలకల సంచీ పట్టుకుని ఆఖరున తను వచ్చింది. పాక బూడిదైంది.

మర్నాడు పొద్దున్నే మా అమ్మానాన్నలతో సహా మమ్మల్ని చలమయ్య కల్లానికి నడిపించింది. ఆరబోసిన మిరపకాయల నడుమ చాపలు పరిచింది. చలమయ్య పరిగెత్తుకొచ్చాడు.

"నా కల్లంలో బడేంటే?"

"ఇక్కడైతే మీరు అగ్గిపుల్ల గియ్యరు గదండీ!"

ఆ మాట అని మావైపు తిరిగింది.

"ఏరా, గొంతులు పోయినాయా? గట్టిగా చదవండి!"