జైనబీ వేసిన మార్కులు

రాయచోటిలో బురఖాల అంచులు కుట్టే జైనబీ మస్కట్ వచ్చాక, మంచు మీద నాట్యం చేసేవాళ్ళకు మార్కులు వేసింది. ఆమె కోరుకున్న పని కాదు. వచ్చింది వంటకూ ఇల్లు తుడవడానికీ. జీతం వాటికే.

ఇంటి మేడమ్ యూరప్‌లో ఏదో చిన్న దేశం మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇనుప బద్దల బూట్లు తొడుక్కుని, జోడీతో మంచు మీద నాట్యం చేసిందట. మోకాలు పోయింది. ఇప్పుడు ఆ పోటీలకు జడ్జీ కావాలని చూస్తోంది. భర్త చమురు కంపెనీలో ఇంజనీరు. నెలలో ఇరవై రోజులు ఎడారి సైట్‌లో ఉంటాడు. మంచు పడని చోట ఉండి జడ్జీ కావాలంటే ఒకటే దారి. పోటీలు చూసుకునే సంఘం పాత పోటీల క్యాసెట్లు పంపుతుంది. ఈమె చూసి ఎవరికి ఏ స్థానమో రాసి పంపాలి. అసలు పోటీలో తొమ్మిది మంది జడ్జీలు ఇచ్చిన స్థానాలతో దాన్ని పోల్చి చూస్తారు.

మధ్యాహ్నం తెరలు వేసి, ఏసీ పెంచి, మేడమ్ జైనబీని పక్కన కూర్చోబెట్టుకునేది. ఒక్కతే చూస్తే తన కళ్ళు తనకే సర్దిచెబుతున్నాయట. ఆడపిల్లల చాలీచాలని బట్టలు చూడలేక జైనబీ పాదాలు చూసేది. ఆ చూపే పనికొచ్చింది. బద్దలు మంచు మీద వదిలే గీతలు ఆమెకు కుట్టు వరసల్లా కనిపించాయి. ఇద్దరి గీతలూ పక్కపక్కనే, ఒకే ఎడంతో, వంపు దగ్గర చెదరకుండా పోవాలి. పక్కన ఇంకో గీత పడిందంటే ఎవరో భయపడి రెండో కాలు ఆనించినట్టు.

ఒక క్యాసెట్‌లో ఆకుపచ్చ బట్టల జంట వచ్చింది. ఎవరూ పట్టించుకోని దేశం. ఒక్క గీతా చెదరలేదు. జైనబీ రెండో స్థానం ఇమ్మంది. మేడమ్ అప్పటికే అది రాసి ఉంది. ఇద్దరూ టీ తాగారు.

నెల తిరిగాక సంఘం ఉత్తరం రాసింది. తొమ్మిది మందీ ఆ జంటకు ఏడో స్థానం ఇచ్చారు, మీరు రెండు ఇచ్చారు, ఎందుకో రాయండి. ఇంకొకసారి ఇంత దూరం పోతే మార్చి పోటీకి జడ్జీగా పిలుపు ఉండదు.

మార్చి అనగానే జైనబీ చేతిలో పని ఆగింది. మేడమ్ పోటీకి పోతే సారు సైట్‌లోనే ఉంటాడు, ఇంటికి తాళం, తనకు నెల సెలవు. పోకపోతే లేదు. మార్చి పదహారుకు కూతురు అరీబాకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండుతాయి. ఆ రోజే పిల్లతో బిస్మిల్లా చెప్పించి చదువు మొదలుపెట్టాలి. ఆ రోజు ముందుకు జరగదు, వెనక్కీ జరగదు. పిల్ల పాలు మరిచిన నెలలోనే జైనబీ విమానం ఎక్కింది.

పక్క విల్లాలో పనిచేసే రమణిది అమలాపురం వైపు. బట్టలు ఆరేస్తూ గోడ మీంచి సంగతంతా విన్నది.

"ఆళ్ళ కాళ్ళు చూసి మార్కులేశావా అక్కా?"

"కాళ్ళతోనే కదమ్మే ఆడేది."

"మా అరబ్బు ముసలామెకి అయిదుగురు కోడళ్ళు వండి పంపుతారు. మూత తియ్యకుండానే పెద్దకోడలిది ఫస్టంటాది. ఇంటోళ్ళంతా అదే మాట. మార్కులెయ్యడానికి కూర్చున్నోళ్ళని చూడాలి గానీ, ఆడేవోళ్ళని చూస్తే ఏమొస్తాదీ?"

"పెద్దకోడలు పోతే గానీ రెండో దానికి ఫస్టు రాదా?"

"పోయినా వరసలోనే రావాలి."

జైనబీ ఆ సాయంత్రం పాత పోటీల ఫలితాల కాగితాలు నేల మీద పరిచింది. ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు, పేర్ల ఆకారాలు గుర్తుపట్టగలదు. నిరుడు మొదటొచ్చిన జంట ఈ ఏడూ మొదటిదే. మూడోది రెండోదైంది, రెండోది ఆట మానేసింది కాబట్టి. మేడమ్‌ను పిలిచి చూపించింది. మేడమ్ కాగితాలు ఏరి దొంతి పెట్టింది.

"నాకు తెలుసు. నువ్వు కనిపెట్టవనుకున్నాను" అంది.

ఆఖరి క్యాసెట్ జనవరిలో వచ్చింది. అదే జంట, ఈసారి నీలం బట్టల్లో. పైవాళ్ళెవరూ ఆట మానలేదు. గీతలు కిందటిసారి కన్నా దగ్గరగా, ఒకే చెయ్యి కుట్టినట్టు పోయాయి. మేడమ్ కలం ఎత్తి పట్టుకుని జైనబీ వైపు చూసింది. జైనబీ ఆట అయ్యేదాకా పాదాలు చూసి, ఏడు అంది. మేడమ్ ఏడు రాసింది.

పిలుపు వచ్చింది. జైనబీ మత్రా బజారులో కొలత ఊహించి జరీ గౌను కొన్నది. ఊళ్ళో పిల్లకు తొడిగితే అది పొట్టిదైంది. మూడు రోజులదాకా పిల్ల ఒళ్ళోకి రాలేదు. పదహారున మౌల్వీ చెప్పినట్టే బిస్మిల్లా అంది, మధ్యలో ఒకసారి ఆవులించి. జైనబీ అంతా చూసింది.

తిరిగొచ్చేసరికి క్యాసెట్లు అట్టపెట్టెలో ఉన్నాయి. పోటీకి ముందురోజు భోజనాల దగ్గర ఒక పెద్ద జడ్జీ రేపటి వరస అందరికీ మర్యాదగా చెప్పాడట. నీలం బట్టల జంట ఏడు. మేడమ్ తలూపి వచ్చి, మర్నాడు రెండు ఇచ్చింది. మిగతా ఎనిమిది మందీ ఏడే ఇచ్చారు. ఇక పిలుపు రాదు. ఇదంతా మేడమ్, ఉల్లిపాయలు తరుగుతున్న జైనబీ పక్కన నిలబడి చెప్పింది.

"మరి మళ్ళీ నీ సెలవో?" అంది రమణి గోడ అవతల నుంచి.

"ఇంగ కాంట్రాక్టు తీరినాకే. ఏడాదిన్నర."

"ఎంత పని చేసిందే తల్లి. నువ్వు నేర్పినట్టు రాసుంటే పోయేది కదా."

"నేను నేర్పిందే తప్పు మే. బిడ్డను చూసుకోవల్లని ఏడు చెప్తి. ఆమెకు చూసుకోవాల్సిన బిడ్డ లేదు."

జైనబీ ఆరిన బట్టలు భుజాన వేసుకుని లోపలికి పోయింది.