వెండి కప్పు కథ చెప్పిన అక్క

మన దేశపు వెండి రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసం ఇంగ్లండువాళ్ళూ స్కాట్లండువాళ్ళూ ఏటేటా బురదలో పడి పొర్లుతారని మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం! మొన్నమొన్నటిదాకా నాకూ తెలియదు. నాకు చెప్పిన అక్క పోయిన వారం మస్కట్ ఆసుపత్రిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె పనిచేసిన ఇంటి మేడమ్ ఫోన్ చేసి, గుండె ఆగిందని చెప్పి ఏడ్చేసింది. నిన్న ఇండియాలో సొంత ఊళ్ళో మట్టి చేశారు.

అక్కది గోదావరి. మస్కట్‌లోని అజైబాలో వంట, ఇంటిపని. ఆ ఇంటి సార్‌ది స్కాట్లండు, మేడమ్‌ది ఇంగ్లండు. ఆ రెండు దేశాల రగ్బీ మ్యాచ్ ఉన్న రోజు సోఫాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆట అయ్యేదాకా మాటల్లేవు. అయ్యాక గెలిచినవాళ్ళు లేచి ఓడినవాళ్ళకి వడ్డించాలి. అది వాళ్ళింటి ఆచారం.

"ఆ రోజు నాకు సగం డ్యూటీయే బ్రదర్‌గారూ. వండడం నా పని, వడ్డించడం గెలిచినోళ్ళ పని. ఆయ్!" అనేది.

నాకు బడి చదువు లేదు, బైబిలు వాక్యమే నా బడి. ప్రార్థనకి నా కారులో వస్తూ అక్క, సార్ దగ్గర విన్న సంగతులు ముక్కముక్కలుగా చెప్పేది. ఇంగ్లండుకి మొదట పేపర్లో సవాలు విసిరింది స్కాట్లండువాళ్ళేనట. దేశాల మధ్య మొదటి రగ్బీ ఆట అదేనట, గెలిచిందీ వాళ్ళేనట. తర్వాత కలకత్తాలో తెల్లవాళ్ళ రగ్బీ క్లబ్బు మూతపడితే, మిగిలిన రూపాయలు కరిగించి కప్పు చేయించి, ఈ రెండు దేశాల ఆటకి ఇచ్చేశారట. మూత మీద ఏనుగు, పిడులేమో నాగుపాములు.

"పాములా!" అన్నాను.

"పాములేనండి. మీరు సైతానంటారని ఏనుగును ముందు చెప్పాను."

ఇంకోసారి అంది: "ఒక ఏడు ఆటయ్యాక జట్టుకొకడు తాగేసి, ఆ కప్పునే వీధిలో బంతిలా తన్నుకుంటా పోయారంట. సొట్టలు పడిపోయిందంట."

"తాగుడు పాపం కదక్కా!"

"పాపమేనండి, కాదన్నానా? మధ్యాహ్నం కుమ్ముకున్నోళ్ళు రాత్రికి కలిసి ఎలా తిరిగారో అది చెప్పండి ముందు."

ఆ ప్రశ్న పట్టుకుని వాక్యమంతా వెదికాను. తల్లి కడుపులోనే పెనుగులాడిన కవలలు దొరికారు. ఏళ్ళ పగ మరిచి అన్న పరుగెత్తుకొచ్చి తమ్ముడి మెడ మీద పడి ఏడ్చిన చోటు దొరికింది. ఆ అన్న మనసు ఏ ఘడియలో, ఎలా మారిందో మాత్రం అక్కడ రాసి లేదు. ఇప్పటికీ వెదుకుతున్నాను.

అక్క ఊరికే అడగలేదు. పోయిన చలికాలం మన అజైబా ప్రార్థన సహవాసమూ, హైవే మీద గంటన్నర దూరంలో ఉన్న అల్ సువైక్ సహవాసమూ సముద్రం ఒడ్డున వాలీబాల్ ఆడాయి. గీత మీద పడిన ఒక బంతి దగ్గర గొడవ. బిర్యానీ మూత తీయకుండానే రెండు బస్సులూ వెళ్ళిపోయాయి. అప్పటినుంచీ ప్రార్థన వేరు, పాట వేరు. సువైక్ ఖర్జూరం తోటలో పనిచేసే మన కడప పెద్దాయనకి అక్క నా ముందే ఫోన్ చేసింది.

"ఒక్కసారొచ్చి మావాళ్ళకి వడ్డించండి అన్నయ్యా."

"గెల్చింది మేమేనని మీవోళ్ళను ఒప్పుకోమనమ్మా, అప్పుడొచ్చి వడ్డిస్తాం."

"మావాళ్ళూ గెలిచామనే అంటున్నారండి. ఇద్దరూ గెలిచారుగా, ఇద్దరూ వడ్డించండి మరి!"

ఆయన పకపకా నవ్వాడు. కానీ రాలేదు. అజైబావాళ్ళూ కదల్లేదు. రెండు సహవాసాలూ ఒక్క పూట కలిసి తింటే చూడాలన్న ఆశతోనే అక్క కన్నుమూసింది.

ఈరోజు శుక్రవారం. ఈ మాటలు రెండు సహవాసాలవాళ్ళ ఫోన్లకీ పంపుతున్నాను. అక్క జ్ఞాపకార్థం సాయంత్రం అజైబాలో ఒక కూడిక, సువైక్‌లో ఇంకో కూడిక! ఒక్క మనిషికి రెండు ఏడుపులా? అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు ఈ రెండింటిలో దేనికి వస్తాడు? సువైక్ అన్నలారా, బస్సెక్కండి. అజైబావాళ్ళారా, హాల్లో కుర్చీలు వేసుకుని కూర్చోకండి, హైవే దాకా ఎదురెళ్ళండి. వచ్చే శుక్రవారం అనకండి. పొద్దు వాలకముందే, ఈరోజే, లేవండి!