సగంలో ఆపిన పంపకం

రెండేళ్ల కిందటి వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కి కూర్చున్నాయి. నేను వాకాడులో మా ఇంటి ముందుగదిలో ఫ్యాను కింద లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ ఉద్యోగం పేరు చెబితే మా అత్తగారికి ఇప్పటికీ నవ్వే. ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో ట్రేడ్ రివ్యూయర్‌ని.

ఈ ఆటలో మనం బంతి ముట్టుకోం. ఒక జట్టుకు మేనేజర్‌గా ఉంటాం. ఆటగాళ్లు నిజం మనుషులు కారు, కంప్యూటర్ పుట్టించినవాళ్లు. అయినా వాళ్లకూ వయసు, నైపుణ్యం, అలసట ఉంటాయి. వాళ్లకు శిక్షణ ఇప్పించుకుంటూ, అవసరమైతే మరో మేనేజర్‌తో ఆటగాళ్లను మార్చుకుంటాం. ఆ మార్పిడే ట్రేడ్. మా లీగ్‌లో ఒకసారికి ఒకరికి ఒకరినే మార్చుకోవచ్చు. మార్పిడి మరీ ఒకవైపు ఒరిగితే సిస్టమ్ ఫ్లాగ్ వేస్తుంది, అంటే అనుమానం గుర్తు పెడుతుంది. ఫ్లాగ్ పడ్డదల్లా నా ముందుకు వస్తుంది. స్నేహితుణ్ని గెలిపించడానికి మంచి ఆటగాణ్ని ధారపోసేవాళ్లనీ, రెండు దొంగ పేర్లతో రెండు జట్లు నడిపేవాళ్లనీ పట్టుకోవడం నా పని. అంతకుముందు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో సరుకు కాగితాలు సరిచూసేదాన్ని. తప్పు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని కాస్త గీర కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం ఒక ఫ్లాగ్ వచ్చింది. దొరవారిసత్రం దగ్గర వరి పండించే పెంచలయ్య తన జట్టులోని డెనిస్ అనే కుర్ర సెంటర్‌ను ఇచ్చేస్తున్నాడు. సెంటర్ అంటే బుట్ట కింద నిలబడి కాచే పొడగరి. బదులుగా తీసుకుంటున్నది రిటైరు కావడానికి సిద్ధంగా ఉండి, ఎక్కువగా బయట బెంచి మీదే కూర్చునే ఒక ఆటగాణ్ని. అవతలి మేనేజర్ పోలయ్య, మా మండలంలోనే ఒడ్డు మీది పల్లెలో వేటకు పోయే మనిషి. ఆ సీజన్‌కు ట్రేడ్ డెడ్‌లైన్, అంటే మార్పిళ్లకు ఆఖరి గడువు, ఆ సాయంత్రం ఆరింటికే. గడువు రోజున ఇంత దానధర్మమా అనుకున్నాను. రెండు నిమిషాలు కూడా చూడలేదు. రద్దు నొక్కి, ‘ఏకపక్షం’ అని కారణం రాసి, టీ పెట్టుకోవడానికి లేచాను.

టీ పొంగేలోపే ఫిర్యాదు వచ్చింది. పెట్టింది పెంచలయ్య. నాకు చోద్యం అక్కడే మొదలైంది. నష్టపోతున్నవాణ్ని నేను కాపాడితే ఆ మనిషే ఫిర్యాదు చేయడమేమిటి? నంబరు చూసి ఫోన్ చేశాను.

“మేడమ్, సగం పంపకంలో ఆపేసినారు మీరు,” అన్నాడాయన.

“పంపకం ఏమిటండీ? ఇది ట్రేడ్.”

“పొద్దున ఒకటి అయిపోయింది గదా. దాన్ని చూడలేదా?”

చూడలేదు. అప్పుడు చూశాను. పొద్దున పోలయ్య తన మార్కో అనే గార్డ్‌ను, అంటే బంతిని నడిపించి ఆట కట్టేవాణ్ని, పెంచలయ్యకు ఇచ్చి ఒక మామూలు ఆటగాణ్ని తీసుకున్నాడు. సిస్టమ్ గీసిన గీతకు అది వెంట్రుకవాసి ఇవతల ఉంది కాబట్టి ఫ్లాగ్ పడలేదు. నేను రెండోది ఆపేసరికి పెంచలయ్య దగ్గర డెనిస్ ఉన్నాడు, మార్కో ఉన్నాడు. పోలయ్యకు ఇద్దరూ లేరు. ఆయన జట్టు అప్పటికే పట్టికలో అడుగున వేలాడుతోంది. ఇలాగే వదిలేస్తే కింది డివిజన్‌కు పడిపోతుంది. పడిపోయిన జట్టు నుంచి ఉన్న నలుగురు మంచి ఆటగాళ్లూ వెళ్లిపోతారు. ఐదేళ్లుగా పెంచుకున్న జట్టు అది. దానికి తన పడవ పేరే పెట్టుకున్నాడు.

“మరి రెండూ ఒకే పంపకమని ముందే చెప్పొచ్చు కదా?” అన్నాను.

“చెప్పేదానికి చోటు యాడుండాది మేడమ్, మీ ఆటలో?”

నిజమే, లేదు. కానీ నా అనుమానం అంత తేలిగ్గా చావదు. పోలయ్యను కూడా లైన్లోకి తీసుకుని, ఈ బేరం ఎలా కుదిరిందో మొదటినుంచీ చెప్పమన్నాను.

నెలరోజులు మల్లగుల్లాలు పడ్డారట. కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి ఆటగాడు వాళ్లకు బంగారం. చివరికి పోలయ్య, “మా ఒడ్డున చేసేట్టు చేద్దాం, రాన్నా,” అన్నాడట. పెంచలయ్య బండేసుకుని వెళ్లాడు. చెరి ముగ్గురు ఆటగాళ్లను కలిపి ఆరు చీటీలు రాశారు. ఖాళీ పడవలో వాటిని రెండు కుప్పలు పెట్టారు. పోలయ్య భార్య చెంగమ్మను పిలిచి సముద్రం వైపు తిరిగి నిలబడమన్నారు. పెంచలయ్య ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి “ఇది ఎవరికి?” అని అడిగాడు. ఆమె ఇద్దరిలో ఒకరి పేరు చెప్పింది. వాళ్ల ఊళ్లో వల లాగినాక చేపలు పంచుకునే పద్ధతి అదేనట. మూడో ఆటగాడు ఎవరివాడు వాళ్లకే పడ్డాడు. మారాల్సినవి రెండు జతలు. అవే ఆ రెండు ట్రేడ్లు.

“పేరు చెప్పింది మీ ఆవిడే కదా. ముందే ఏదో గుర్తు చెప్పుకోలేదని ఏమిటి నమ్మకం?” అన్నాను.

“ఆమెకు ఈ ఆటే తెలీదు మేడమ్,” అన్నాడు పోలయ్య. “అంత పొడుగోళ్ల పేర్లు ఇంత చిన్న చీటీల్లోనా అని నవ్వింది.”

“సరే, నిజం చెప్పండి. మీకు ఏ కుప్ప పడాలని ఉండింది?”

“ఒకటి కావాలనిపిస్తే కుప్పలు సరింగా పెట్టనట్టే గదా. అట్టా మూడుమార్లు కలిపేసినాము. నాలుగోమారు ఏదొచ్చినా సరేనని ఇద్దరికీ అనిపించినాకే ఆమెను తిరగమన్నాము.”

విలువల పట్టికలు, వయసు లెక్కలు నాలుగేళ్లుగా తిరగేస్తున్నాను. ఏదొచ్చినా సరేనా అని మాత్రం ఎవరినీ అడగలేదు.

కానీ మా నిబంధన ప్రకారం, రద్దయిన ట్రేడ్‌లోని ఆటగాళ్లకు పది రోజుల లాక్, అంటే అన్నాళ్లూ వాళ్లను మార్చడానికి వీల్లేదు. దాన్ని తీయగలిగింది మా పైఅధికారి ఒక్కడే. రివ్యూయర్ తన తప్పు రాతలో ఒప్పుకుంటేనే తీస్తాడు. గడియారం ఐదు దాటింది.

“లాక్ తియ్యకపోతే మార్కోని ఈ సీజన్ బెంచీ మీదే కూర్చోబెడతాను,” అన్నాడు పెంచలయ్య.

“వద్దులే అన్నా, ఆడించు. కూర్చుంటే వాడి ఆట తుప్పు పట్టిపోద్ది,” అన్నాడు పోలయ్య.

సిగ్గేసింది. ‘తప్పు నాది. సగం చూసి తీర్పు రాశాను’ అని పంపాను. అధికారి వెంటనే ఫోన్ చేశాడు.

“వాళ్లు కట్టుకథ చెప్పడం లేదని మీకెలా తెలుసు?”

“నా తప్పు వల్ల లాభపడ్డవాడే వచ్చి ఫిర్యాదు చేశాడు సార్.”

ఆరుకు పది నిమిషాలుందనగా ఆయన లాక్ తీశాడు, గడువులోపే డెనిస్ పోలయ్యకు చేరాడు. పోలయ్య జట్టు ఆ సీజన్ ఒక్క గెలుపు తేడాతో పైడివిజన్‌లోనే నిలబడింది. అప్పటినుంచి ఏ ఫ్లాగ్ వచ్చినా ముందు ఆ ఇద్దరి మధ్య జరిగినవన్నీ చూస్తాను. తర్వాత ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను, “అవతలివాళ్ల వాటా మీకిస్తే తీసుకుంటారా?” అని. చాలా గుట్లు అక్కడే బయటపడతాయి.

నిషేధం ఎత్తేశాక ఒక పొద్దున ఆ పల్లెకు వెళ్లాను. మాది వరి పండించే ఇల్లు. ఇంత దగ్గరలో ఉండి ఆ పంపకం ఎప్పుడూ చూడలేదు. ఇసుక మీద చేపలు ఐదు కుప్పలు పెట్టారు. ఏది పెద్దదో కళ్లతోనే కొలవడం మొదలుపెట్టాను, పాడు అలవాటు. చెంగమ్మ నా భుజం పట్టుకుని సముద్రం వైపు తిప్పింది.

“పేర్లు మీరు చెప్పండమ్మా. ఈడ మీకు అయినోళ్లు ఎవురూ లేరు గదా,” అంది.

ఆ పొద్దున వేటకు పోయొచ్చిన ఐదుగురి పేర్లు నా చెవిలో వేసింది. కుప్పలు ఇక కనబడలేదు, నీళ్లు మాత్రమే కనబడుతున్నాయి. వెనకనుంచి పోలయ్య గొంతు, “ఇది ఎవరికి?” అని అడిగింది. నేను ఒక పేరు చెప్పాను.