నేను బస్సు దిగని గంట

ముప్పై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు చెప్పుకోవడమే. దాని బరువు వేరేవాళ్ళు మోశారు. నేను దాని మీద కూర్చుని పేరు తెచ్చుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలు అక్కర్లేదు. నా పేరు రాయను. మాది నడిసముద్రంలో ఒక చెరకు దీవి. నువెల్ ఫ్రాన్స్‌లో మూడెకరాల చెరకు, బడిలో పిల్లలకు తెలుగు, శనివారాలు రామభజన, ఇదీ నా బతుకు. ఊళ్ళో నన్ను పెరూ మాస్టారు అంటారు. ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. పిలిచినవాళ్ళ తప్పేమీ లేదు.

మా దీవి ఇంకా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న రోజులవి. స్వాతంత్ర్యం కావాలని కొందరు, వద్దని కొందరు వీధుల్లో అరుచుకుంటున్నారు. అప్పుడు పెద్ద తోటల ఫ్రెంచి దొరలు కొందరు పెరూ దేశం చూడటానికి బయల్దేరారు. పద్నాలుగు రోజుల యాత్ర. ముందు పట్నాలు, తరవాత సముద్రపు ఒడ్డున ఎడారి, చివర్న అడవి. గైడు, బస్సు, హోటళ్ళు అన్నీ ముందే కుదిర్చి పెట్టారు. అక్కడ వానే పడని ఎడారిలో చెరకు పండిస్తారట, అది చూడాలని వాళ్ళ కోరిక. చిన్న రైతుల్లోంచి కూడా ఒకణ్ణి తీసుకెళ్తామన్నారు. మా మీద ప్రేమ పొంగి కాదు. రేపు రాజ్యం చేతులు మారితే మిమ్మల్నీ కలుపుకున్నాం కదా అని చెప్పుకోవడానికి.

ఆ ఒక్క చోటు మా బావ అప్పయ్యకు వచ్చింది. మా లచ్చమ్మక్క భర్త. గుడ్‌ల్యాండ్స్ దగ్గర అతనికి ఐదెకరాలు. మా నువెల్ ఫ్రాన్స్‌లో వద్దన్నా వాన కురుస్తుంది. ఉత్తరాన, బావ వైపు వాళ్ళు వానకు మొహం వాచి ఉంటారు. బావ పొలంలో బావి ఉంది. నిండుగా నీళ్ళు. కాని నోట్లో పోసుకుంటే ఉప్పు తగులుతుంది. ఆ నీళ్ళు చెరకుకు పెట్టొచ్చా, పెట్టకూడదా? ఇదే అతని ప్రశ్న, పదేళ్ళుగా. పెట్టొచ్చంటే ఐదెకరాలూ నిలబడతాయి. పెట్టకూడదంటే వానను నమ్ముకుని ఎలాగో ఈడ్చుకొస్తాడు. ఆఫీసులో ఒకాయన పెట్టమన్నాడు, ఇంకొకాయన వద్దన్నాడు. సరిగ్గా తెలిసినవాడు దొరకలేదు.

బావకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు రాదు. అందుకని ఆ చోటు తనంత తానే నాకిచ్చాడు. తనకు చూడటం ముఖ్యం కాదు, తెలియడం ముఖ్యం అన్నాడు. నా నోటుబుక్కులో మూడు ప్రశ్నలు రాయించాడు. అక్కడి నీళ్ళలో ఉప్పుందా? ఎన్ని రోజులకోసారి పెడతారు? పెట్టిన నీళ్ళు మళ్ళీ ఎటు పోతాయి? మూడో ప్రశ్న నాకు పిచ్చిదిగా తోచింది. నీళ్ళు ఎటు పోతే మనకేం అనుకున్నాను. అసలు ప్రశ్న అదేనని ఐదో క్లాసు కూడా దాటని మనిషికి తట్టింది, పంతుల్ని, నాకు తట్టలేదు.

లీమా పట్నంలో హోటల్ మెట్ల దగ్గర, నాకంటే పదేళ్ళు చిన్నవాడైన దొర ఒకడు తన పెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టి పైకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను మోశాను. ఎందుకు మోశాను? మా తాత మోశాడు, మా నాన్న మోశాడు, చేతులకు అలవాటైపోయిందేమో. మర్నాడు అతనే గైడుతో ఫ్రెంచిలో, ఇతను మా మనిషి, సామాను చూసుకుంటాడు అని చెప్పాడు. నాకు ఫ్రెంచి వచ్చని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. బస్సులో నాకు వెనక సీటు, టోపీల మధ్య, తిండి బుట్టల మధ్య. లీమా చర్చీలు చూశాం, చెక్క బాల్కనీలు చూశాం. రోజంతా మంచు పొగలా కమ్ముకుని, వాన మాత్రం పడని ఆకాశం చూశాం. నాకు ఏదీ కంటికి ఆనలేదు. పళ్ళు కొరుక్కుంటూ తిరిగాను.

ఐదో రోజు ఎడారి దారి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బూడిద రంగు ఇసుక కొండలు. గడ్డి పరక లేదు. ఉన్నట్టుండి ఆ ఇసుకలో పచ్చగా చెరకు. కొండల్లోంచి దిగే ఏటి నీళ్ళను కాలవల్లో తిప్పి పండిస్తున్నారు. పొలం చివర, సముద్రం వైపు, బస్సు ఆగింది. అందరూ దిగారు. దిగుతూ ఆ కుర్ర దొర తన కోటు నా ఒళ్ళో పడేశాడు.

నేను దిగలేదు.

ఎవరూ నన్ను ఆపలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథలో ఆపినట్టే ఉంటుంది. గైడు హూలియో, ఒకప్పుడు బడిపంతులట, రెండుసార్లు వెనక్కి వచ్చి నన్ను పిలిచాడు. అయ్యా రండి, రైతు అన్నవాడు చూడవలసింది ఇక్కడే ఉంది అన్నాడు. తలనొప్పి అన్నాను. మీతో కలిసి నడవను, పొండి, అని లోపల అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అంటే ఇదే. నా కోపం న్యాయమైనదే. ఇప్పటికీ న్యాయమైనదే అంటాను. కాని ఆ గంట నాదా? అది మా బావది. అతను ఇచ్చిన చోట్లో కూర్చుని, అతని ప్రశ్నలు జేబులో పెట్టుకుని, నా పౌరుషం నేను చూసుకున్నాను.

అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ళు ఒక బోడి నేల చుట్టూ నిలబడ్డారు. నేల మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది. హూలియో వంగి దాన్ని గిల్లి అరచేతిలో చూపించాడు. ఒకతను నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. జవాబు నా కళ్ళ ముందే ఉంది. సున్నం కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం అడగొచ్చు. అడగలేదు. తలనొప్పి అని చెప్పినవాణ్ణి ఏ మొహంతో అడగను? రేపు అడుగుదాం అనుకున్నాను. రేపు ఇంకో ఊరు, ఎల్లుండి విమానం, ఆపైన అడవి. అడవిలో చిన్న పడవల్లో తిప్పారు. ఎర్రటి నీళ్ళు, రామచిలుకలు, గుంపులుగా కోతులు. అక్కడ నా కోపం చల్లారింది, సంతోషంగా కూడా ఉన్నాను. నోటుబుక్కులో ఆ మూడు ప్రశ్నల కింద ఖాళీ ఉంచి, తరవాతి పేజీలో కోతుల గురించి రాసుకున్నాను. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

తిరిగొచ్చాక గుడ్‌ల్యాండ్స్ దగ్గర బావ ఊళ్ళో భజన పెట్టారు. మా భజనలో నడుమ దీపపు సెమ్మె ఉంటుంది, దాని చుట్టూ తిరుగుతూ పాడతాం. ఆ దీపం వెలుగుతుండగా అబద్ధమాడకూడదని మా ఊళ్ళ పెద్దవాళ్ళు పెట్టిన పట్టింపు. ఓడలెక్కి ఈ తోటల్లో కూలికి వచ్చిన మా తాతలకు కోర్టు ఎక్కడిది, కాగితం ఎక్కడిది? తగువొస్తే దీపం ముందు మాట చెప్పించేవారు. అలా చెప్పినదాన్ని మళ్ళీ ఎవరూ తిరగతోడరు. పాటలయ్యాక నాకు దండ వేసి పెరూ గురించి చెప్పమన్నారు. కోతులు, చిలకలు, విమానంలోంచి చూసిన మంచు కొండలు చెప్పాను. నోళ్ళు తెరుచుకుని విన్నారు. అప్పుడు బావ లేచి నిలబడ్డాడు.

“బామ్మర్దీ, అక్కడి కారో కాన్‌లో దిలో ఎలా ఉంది? సాలే గా, మన బావి నీళ్ళలాగా?”

మా వాడుకలో కారో కాన్ అంటే చెరకు పొలం, దిలో సాలే అంటే ఉప్పు నీళ్ళు. అందరూ నా వైపు చూశారు. తెలియదు బావా. రెండే మాటలు. నాకు నోరు రాలేదు. మెళ్ళో దండ ఉంది.

“వీ బావా, అవును, సాలే. మన దానికంటే ఎక్కువే” అన్నాను.

“బే, మరి చెరకు చావదా?”

“చావదు. మనిషి మునిగే ఎత్తు ఉంది. బాగా పెట్టాల, అంతే.”

“నీ కళ్ళతో చూసినావా?”

“చూసినా బావా.”

దీపం వెలుగుతూనే ఉంది. బావ దానికి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మా అక్క కళ్ళు తుడుచుకుంది. మిగిలిన రెండు ప్రశ్నలకు కూడా అప్పటికప్పుడు జవాబులు అల్లాను. వారానికోసారి పెడతారన్నాను, నీళ్ళు ఎటూ పోవు, నేలే తాగేస్తుందన్నాను.

ఇంకొకరి మాటైతే బావ పదిమందిని అడిగేవాడు. దీపం ముందు చెప్పిన మాట కనక ఎవర్నీ అడగలేదు. అక్కా బావా ఇద్దరూ రాళ్ళు పెకలించి కాలవలు తవ్వారు. ముందు సగం పొలానికి నీళ్ళు పెట్టారు. మొదటి ఏడు చెరకు బాగానే వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను, గర్వపడ్డాను కూడా. రెండో ఏడు ఆకుల కొసలు కాలినట్టు ఎండాయి. ఆపైన మొక్క లేవలేదు.

ఆ రోజుల్లోనే ఏదో పని మీద మోకా అనే ఊళ్ళో ఒక ఆఫీసుకు వెళ్ళి, బల్ల మీద ఆ పెరూ యాత్ర గురించి దొరలు రాసుకున్న నివేదిక చూశాను. ఫ్రెంచిలో ఉంది. తోటలవాళ్ళకే పంచుకున్నారు, చిన్న రైతు ఒక్కడికీ పంపలేదు. బస్సు ఆగిన చోటు గురించి ఒక పేజీ ఉంది. అక్కడ ఉప్పు బావి నీళ్ళు పెట్టి పొలం పోగొట్టుకున్నారట. నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఉప్పు పైకి తేలి నేల చస్తుందట. ఆ పేజీ రెండుసార్లు చదివాను. వాళ్ళను నోరారా తిట్టుకున్నాను, దాచుకున్న దొంగల్లారా అని. దాచింది వాళ్ళు ఒక్కరేనా?

వారం తిరక్కుండా బావ మా ఇంటికి వచ్చాడు. రెండు బస్సులు మారి, తువ్వాల్లో పొలం మట్టి మూటగట్టుకుని. ఆ మట్టి మీద తెల్లటి పొర. దాన్ని ముందు ఎక్కడ చూశానో నాకు తెలుసు. నువ్వు చెప్పింది సరే బామ్మర్దీ, నేనే ఎక్కడో తప్పు చేసుంటా, కాలవ లోతు సరిపోలేదేమో అన్నాడు. మిగతా సగానికి ఇంకా నీళ్ళు పెట్టలేదు. అది బతికే ఉంది. ఒక్క మాటతో దాన్ని కాపాడొచ్చు.

“అయ్యుండొచ్చు బావా” అన్నాను.

మొదటిసారి అన్నది తెలియక, బడాయికి. ఇది తెలిసి అన్నాను. పొలం పోయినా సరే పరువు పోకూడదని అన్నాను. దీనికి పేరేమిటో మీరే పెట్టుకోండి. బావ వెళ్ళి కాలవలు లోతు చేసి మిగతా సగానికీ ఆ నీళ్ళే పెట్టాడు.

స్వాతంత్ర్యం వచ్చి మా దీవి జెండా ఎగిరిన రోజుకు ఆ ఐదెకరాలు పక్క తోటలో కలిసిపోయాయి. బావ అదే తోటలో కూలికి పోయాడు. ఊళ్ళో అతనికి ఉప్పు అప్పయ్య అని పేరు పెట్టారు. మా అక్క రోజూ సాధించింది. బంగారంలాంటి భూమిని చేతులారా చంపావని, నా తమ్ముడు దేశాలు దాటి తెచ్చిన మాట కూడా సరిగ్గా వినలేకపోయావని. బావ తల వంచుకుని అన్నం తినేవాడు. నేను ఎదురుగా కూర్చుని అదే అన్నం తిన్నాను. ఒక్కసారి కూడా అతను నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే, నన్ను నిలదీసి ఉంటే, ఇవాళ అతని మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కొంచెం చోటుండేది. అదీ మిగల్చలేదు.

బావ పోయి నాలుగేళ్ళయింది. తన తప్పే అనుకుంటూ పోయాడు. మొన్న అక్క దగ్గరికి వెళ్తే, వచ్చిన చుట్టాలకు మళ్ళీ అదే చెప్పింది. మా తమ్ముడు చెప్పినట్టు చేసుంటే మాకీ గతి పట్టేది కాదు అని. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. టీ ఇస్తే తాగి వచ్చాను.

ఇది తెలుగులో రాస్తున్నాను. మా అక్కకు తెలుగు చదవడం రాదు. చూశారా, ఇక్కడ కూడా దొంగబుద్ధే. ఎవరికి చెప్పాలో ఆవిడకు అందని అక్షరాల్లో చెబుతున్నాను. ఆవిడకు ఎనభై దాటాయి. చెబితే నన్ను తిడుతుందని కాదు నా భయం. ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టినందుకు తనను తాను తిట్టుకుంటుంది. చెప్పకపోతే ఆయన్ని తిడుతూనే పోతుంది. ఏది తక్కువ పాపం? ఆవిడ కోసం ఆలోచిస్తున్నానా, మళ్ళీ నా కోసమేనా? నన్ను నేను నమ్మను.

చదివి జాలిపడకండి. క్షమించాననీ అనకండి. ఆ భూమి మీది కాదు, ఆ హక్కు మీకు లేదు. దొరల అహంకారం వల్ల జరిగిందని కూడా నాకు సర్దిచెప్పకండి. అది నేను ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాను, చాలు.

మా అక్క పొలాన్ని చంపింది అప్పయ్య బావ కాదు. నేను. ఈ మాట ఇంతవరకు ఒక్కసారి కూడా రాయలేదు. రాశాను.