వీధి పేరు పెట్టిన కొట్టు

కోయంబత్తూరు అంచున, మిల్లు గోడ వెనక మా వీధి. మా ఇంటి ముందుగదే కొట్టు. అమ్మ గోడవారన చాపలు పరిచి, అరిటాకులు వేసి, మధ్యాహ్నం రాగిసంకటి, ఉలవచారు, పప్పు పెట్టేది. ఆదివారం పేగుల కూర. ఇంట్లో మేం తినేదే. తక్కువ ధరకి కడుపు నిండేది.

అప్పటికి నేను మిల్లులో నూలు చుట్టే రీలింగు పనిలో ఉన్నాను. నా పక్కన పనిచేసే మలయాళీ పాలక్కాడు అక్కను మొదట నేనే తీసుకొచ్చాను. ఆమె చెబితే ఇంకొందరు వచ్చారు. కన్నడం మాట్లాడే ఫిట్టర్లు, అన్నూరు నుంచి సైకిళ్ళ మీద వచ్చే తమిళులు. అందరూ అమ్మని అక్కా అనేవాళ్ళు.

మెయిన్ రోడ్డు మీది టీకొట్టాయనకు ఇది మింగుడుపడలేదు. అతని కొట్లో మా వీధివాళ్ళకు గ్లాసులు వేరు. తాగాక మేమే కడిగి బయట పెట్టాలి. ఒక పొద్దున అతను మా గుమ్మం దాకా వచ్చి, లోపల కాలు పెట్టకుండా తమిళంలో అడిగాడు.

"నీ మొగుడు ఊరి రోడ్లు ఊడుస్తాడని నీ దగ్గర తినేవాళ్ళకి తెలుసా? నన్ను చెప్పమంటావా?"

అమ్మ సంకటి కెలుకుతూనే ఉంది. "నువ్వేమిటికి చెప్పేది? నేనే చెప్తా పో" అంది.

నాన్న మునిసిపాలిటీలో పని ముగించుకుని పెరటి దారిన వచ్చి, అందరూ వెళ్ళాక వంటింట్లో తినేవాడు. అలా తినమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా మేమెవరం అనలేదు.

ఆ రోజే అమ్మ బోర్డులు రాసే అతన్ని పిలిపించింది. "మా వీధి పేరు పెద్దగా రాయి. కింద తెలుంగు సాపాటు అని రాయి" అంది.

ఆ వీధి పేరు వింటే మేమెవరమో ఊరందరికీ తెలుస్తుంది. అతను కుంచె ఎత్తి ఆగాడు. "వీధి పేరు వొద్దులేక్కా. జనం రారు."

"తెలిసి వొచ్చేవాళ్ళే రానీ. తెలీక తినేవాళ్ళు నాకు వొద్దు."

మాట్లాడేది తెలుగే అయినా ఆ అక్షరాలు మా వీధిలో ఒక్కరికీ రావు. ఆ మాటల్ని అతను తమిళ అక్షరాల్లోనే రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం గది నిండా జనం. నాన్న మునిసిపాలిటీ ఖాకీ చొక్కాతో పెరట్లోకి రాగానే అమ్మ పిలిచింది.

"ఇట్ల రా. ముందర కూసో."

"వొద్దులే, వాళ్ళు తినిపోనీ."

"వాళ్ళతోనే తిను. ఇది నీ ఇల్లు."

నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి చాప చివర కూర్చున్నాడు. ఆయన ఆకు వైపు చూడలేక నేను నీళ్ళ చెంబు వైపు చూశాను. అన్నూరు మనిషి ఒకతను ఆకు మడిచి లేచాడు. అతని వెనక ఇంకో ఇద్దరు లేచారు.

అమ్మ అందరికీ తెలిసేలా తమిళంలో అంది: "లేచేవాళ్ళు లేవండి. కూర్చున్నవాళ్ళకి సంకటి ఇంకా ఉంది."

పాలక్కాడు అక్క తన ఆకు ముందుకు జరిపింది. "నాకు ఇంకో ముద్ద పెట్టు" అంది.

తర్వాత కొన్నాళ్ళు గది సగం ఖాళీ. మిగిలిన సంకటి మేమే రాత్రికి మజ్జిగలో కలుపుకుని తాగేవాళ్ళం. బోర్డు దించేద్దామని నాన్న అన్నాడు. అమ్మ వినలేదు. పాలక్కాడు అక్క, ఫిట్టర్లు కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. మెల్లగా చాపలు నిండాయి. నాన్న రోజూ ముందుగదిలోనే తిన్నాడు.

వానల్లో ఒకనాడు ఆ అన్నూరు మనిషి టిఫిన్ క్యారియరుతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఇందులో పెట్టివ్వక్కా" అన్నాడు.

"కట్టిచ్చేది లేదు" అంది అమ్మ, నాన్న పక్క చోటు చూపిస్తూ. "తినాలంటే కూర్చోండి."

అతను క్యారియరు చంకలో పెట్టుకుని వానలోకే వెళ్ళిపోయాడు. అమ్మ వెనక్కి పిలవలేదు. నేను నాన్న పక్కన కూర్చుని ఆకు వేసుకున్నాను.